ఉంగరపు వేలు

ఏప్రిల్ 6, ఆదివారం

ఇవాళ కట్టు విప్పారు. అయిదు వారాల తర్వాత నా ఎడమ చెయ్యి నాకే అసహ్యంగా ఉంది. పాలిపోయి, ముడతలు పడి, నీళ్ళలో నానిన సొరకాయ తొక్కలాగా ఉంది. వాసన అంతకన్నా ఘోరం. కోడిగుడ్డు సొన, ఆకు పసరు, అయిదు వారాల చెమట కలిసి ఆ గుడ్డకు పట్టుకున్నాయి. ఆటోలో నా పక్కన కూర్చున్నాయన ముక్కు మూసుకోలేదు గానీ తల బయటికి పెట్టి కూర్చున్నాడు.

ఎముకలు అతుక్కున్నాయట. కానీ ఉంగరపు వేలు, చిటికెన వేలు వంగడం లేదు. కట్టు కట్టే పరంధామయ్య ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని. పుత్తూరులో ఆయన చేతికి తెలియని ఎముక లేదంటారు. నా రెండు వేళ్ళూ పిసికి, అరచెయ్యి తిప్పి చూశాడు.

"బండి మీద నుంచి పడినానంటివే. అరచేతిలో గీత కూడా లేదే."

"చెయ్యి మడుచుకొని పడినాను."

"అట్ల పడినోణ్ణి నేనింతవరకు సూడలేదప్పా." అంతకు మించి అడగలేదు. నూనె సీసా చేతిలో పెట్టాడు. "ఆ వేళ్ళను ఊరికే పెట్టొద్దు. ఏదో ఒక పని నేర్పించు. లేదంటే కట్టెపుల్లలే."

జరిగింది ఇది. ఫిబ్రవరి 28 సాయంత్రం నారాయణవనం రోడ్డు మలుపులో కుక్క అడ్డొచ్చింది. బ్రేకు వేశాను. బండి జారింది. అందరికీ ఇదే చెప్పాను. ఇక్కడా ఇదే రాస్తున్నాను. అలవాటు తప్పకూడదు.

ఏప్రిల్ 8

మా అమ్మాయి హేమశ్రీ రెండేళ్ళ కిందట ఏడ్చి, అలిగి, అన్నం మానేసి గిటారు కొనిపించుకుంది. రెండు వారాలు వాయించింది. ఇప్పుడు అది తిరుపతిలో హాస్టల్లో ఉంది, గిటారు మా ఇంట్లో తలుపు వెనక ఉంది. దాని మీద నా భార్య నాగవేణి కుట్టాల్సిన జాకెట్ల సంచులు తగిలిస్తూ ఉంటుంది.

"ఏదో ఒక పని నేర్పించమన్నాడు గదా ఆయన. దీన్నైనా గోకు" అంది నాగవేణి.

పోయాను. ఎస్తేరు టీచరమ్మ మూడు వీధుల అవతల ఉంటుంది. బడి నుంచి రిటైరైంది. ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తుంది, మిగతా రోజులు పిల్లలకు నేర్పుతుంది. హేమశ్రీకి నేర్పింది కూడా ఆమే. యాభై ఒక్కేళ్ళ వాణ్ణి వెళ్ళి చాప మీద కూర్చుంటే ఆమె నవ్వలేదు, అది ఆమె మంచితనం. నా చేతిని మాత్రం చూసింది.

"ముందు గోళ్ళు తీసుకొని రాప్పా. రేపు మొదలుపెడదాం."

ఏప్రిల్ 9

తీగలకు తుప్పు. వేళ్ళ కొసలు మండుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుప్పు వాసనా, కట్టు నూనె వాసనా. ఈ చేత్తోనే అన్నం కలుపుకోవాల్సి వచ్చి ఉంటే పస్తు ఉండేవాణ్ణి. దేవుడు కుడి చెయ్యి మిగిల్చాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

చర్చి అయ్యాక క్లాసు. స్కేల్ అని మొదలుపెట్టింది. ఎనిమిది స్వరాలు. సి దగ్గర బయలుదేరి, మెట్లెక్కి, పైన ఇంకో సి దగ్గర ఆగాలి. వినడానికి ఏమంత కష్టం లేదు. చిన్నపిల్లలు చేస్తున్నారు. నా ముందే ఒక పాప చేసింది, జడ వెనక్కి వేసుకుంటూ మరీ చేసింది.

మొదటి స్వరానికి అయిదో తీగ మీద, గిటారు మెడ మీది మూడో మెట్టు దగ్గర ఉంగరపు వేలు నొక్కాలి. నాలుగో స్వరానికి కూడా ఉంగరపు వేలే, పక్క తీగ మీద. నాకున్న పది వేళ్ళలో దీనికి సరిగ్గా అదే కావాల్సి వచ్చింది. పెట్టాను. వేలు సగం వంగి ఆగిపోయింది. తీగ మోగలేదు, 'డుబ్' అంది. ఎనిమిది మెట్ల మేడకు మొదటి మెట్టే లేదు.

ఇంటికొచ్చాక ఉపాయం తట్టింది. ఉంగరపు వేలు పని కూడా నడిమి వేలితో చేయించాను. ఎనిమిది స్వరాలూ వచ్చాయి. ఇంతోటి దానికి ఆమె అంత హైరానా ఎందుకో.

పక్కింటి పంకజాక్షి గోడ మీద నుంచి తొంగిచూసి, "మీ గ్రైండరు చెడిపోయిందా అన్నా, ఒకటే శబ్దం" అని అడిగింది.

ఏప్రిల్ 15

మా లైన్ సూపర్‌వైజర్ రవిచంద్ర ఫోన్ చేశాడు. నా కంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. గొంతులో ఎప్పుడూ చక్కెర.

"మునిచంద్రన్నా, జూన్ రెండో తేదీ నీకు ఫిట్‌నెస్ టెస్ట్. నిమిషంలో ఇరవై స్క్రూలు బిగించాల, రెండు చేతుల్తో. అది పాసైతే నిన్ను లైన్ లీడర్ చేస్తానని మాటిచ్చినా గదా, గుర్తుండాది. ఆస్పత్రి, చీటీలు అని ఊరంతా తిరక్కుండా పుత్తూరు కట్టుతో గమ్మున సరిచేసుకున్నావు సూడు, పైవాళ్ళకు అది శానా నచ్చింది."

శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి బస్సెక్కి తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళూ రేకు పలకలు నొక్కే ప్రెస్ మిషన్ ముందు నిలబడే ఉన్నాను. లైన్ లీడర్ అంటే కూర్చునే ఉద్యోగం. టెస్ట్ పోతే ఇంటికే.

కట్టు ఇంట్లో చీటీ రాయరు. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎట్లా తగిలిందో ఎవరికీ రాసి పంపరు. రోడ్డు మీద పడ్డవాడికి చీటీ ఎందుకు.

ఏప్రిల్ 20

ఈస్టర్. టీచరమ్మ చర్చిలో. క్లాసు లేదు. హాయి.

ఏప్రిల్ 24

నాగవేణి మళ్ళీ ఆ కత్తెర గొడవ ఎత్తింది. జాకెట్ గుడ్డ అంచులు పోగులు ఊడకుండా కత్తిరించే జిగ్‌జాగ్ కత్తెర అది, పళ్ళ పళ్ళుగా తెగుతుంది. దాని పళ్ళకు జిగురు పట్టి గుడ్డ తెగడం లేదట.

"ఫిబ్రవరిలో నువ్వు తీసినప్పట్నుంచీ ఇంతే. దేన్ని కోసినావు దీంతో?"

గుర్తు లేదన్నాను. కిరసనాయిలు వేసి తుడిచి ఇచ్చాను. ఒక ఆడమనిషి రెండు నెలలు ఒక కత్తెర గురించి మాట్లాడగలదా అని ఆశ్చర్యం. విసుగు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇవాళ టీచరమ్మ లోపల టీ పెడుతూ, "స్కేల్ వాయించు, నేను వింటా ఉంటా" అంది. మంచిదే, చూడదు కదా అనుకున్నాను. నడిమి వేలితోనే కానిచ్చేశాను. బాగా వేగంగా.

"నాలుగోది నడిమి వేలితో కొట్టినావు" అంది లోపలి నుంచే.

"లేదు టీచరమ్మా."

ఆమె టీ గ్లాసులు తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి కూర్చుంది. "మూడో స్వరం నడిమి వేలు. నాలుగోది కూడా అదే వేలైతే అది ఈడ లేచి ఆడికి జరగాల. ఆ జరిగేటప్పుడు చిన్న ఖాళీ వస్తాది. నువ్వు ఎంత బిరబిరా జరిపినా ఆ ఖాళీ ఉంటాది. ముప్ఫయ్యేళ్ళు పిల్లోళ్ళ దొంగలెక్కలు దిద్దినాను, మునిచంద్రా. నాకు వినబడదా?"

టీ చల్లారిపోయింది. నా మొహం చల్లారలేదు. దొంగ అని అనలేదు, దొంగలెక్క అంది. రెండూ ఒకటే. ఒక్క వేలి కోసం ఇంత మాట పడాలా? రేపటి నుంచి పోను.

ఏప్రిల్ 28

పోయాను. ఉంగరపు వేలితో నలభై సార్లు. నలభై 'డుబ్'లు.

మే 4, ఆదివారం

మోగింది.

అయిదో తీగ, మూడో మెట్టు, ఉంగరపు వేలు. మొదట బొంగురుగా, తర్వాత నిజంగానే. కిటికీలో కూర్చున్న కాకి లేచిపోయింది, దాని ఇష్టం. నాగవేణి మిషన్ తొక్కడం ఆపి, "ఇంకోసారి" అంది. ఇంకోసారి రాలేదు. అయినా సరే, ఒకసారి వచ్చింది.

వేలి కొస మీద తోలు గట్టిపడి పొట్టు లేస్తోంది. చూస్తే రోతగా ఉంది. దాన్ని పీకకుండా ఉండలేకపోతున్నాను.

మే 11, ఆదివారం

నూనె అయిపోయిందని పరంధామయ్య దగ్గరికి పోయాను. వరండాలో బల్ల మీద కోమలి కూర్చుని ఉంది.

కోమలిది నారాయణవనం. మా లైన్లో ప్యాకింగ్ దగ్గర ఉండేది. నేను ఇంట్లో కూర్చున్నాక నా ప్రెస్ ముందు నిలబెట్టారని విన్నాను. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. వెదురు బద్దలు, గుడ్డ, ఆ వాసన. పక్కనే వాళ్ళమ్మ కుప్పమ్మ, చెంగు నోట్లో పెట్టుకుని.

"ఏమైందమ్మా?"

కోమలి నా వైపు చూడలేదు. గడపకేసి చూస్తూ చెప్పింది. "నారాయణవనం రోడ్డు మలుపులో కుక్క అడ్డొచ్చినాదన్నా. బ్రేకు ఏసినాను. బండి జారింది."

నా మాటలే. ఒక్క మాట తేడా లేదు. కుక్క కూడా నాదే.

"నీకు బండి యాడిది?" నా నోట్లోంచి అదే వచ్చింది. కోమలికి సైకిలు కూడా రాదు. రోజూ కంపెనీ బస్సులోనే మాతో వచ్చేది.

పరంధామయ్య నూనె సీసా నింపుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "ఆ కుక్క శానా చెడ్డదప్పా. మీ కంపెనీ వాళ్ళనే చూసుకొని పడగొడతా ఉండాది."

ఎవరూ నవ్వలేదు. చూపుడు వేలు పూర్తిగా వంగుతుందని చెప్పలేనన్నాడు ఆయన, కుప్పమ్మతో, మెల్లగా. నేను విన్నాను. ఇంటికొచ్చాక మధ్యాహ్నం తిన్నదంతా కక్కేశాను. ఎండదెబ్బ అనుకుంటా.

మే 12

కుక్క అడ్డొచ్చింది. బ్రేకు వేశాను. బండి జారింది.

మే 14

సాయంత్రం కోమలి మా ఇంటికొచ్చింది. నాగవేణి కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు, మీద ఒలకబోసుకుంది. తుడవబోతే వద్దంది.

రవిచంద్ర ఆస్పత్రి వద్దన్నాడట. నాకు చెప్పినట్టే చెప్పాడట. "మునిచంద్రన్న ఎట్ల చెప్పినాడో అట్లే చెప్పు, ఆయప్పకు ఇప్పుడు లైన్ లీడర్ ఇస్తా ఉండారు, నీకు కూడా చూస్తాం" అన్నాడట. నా పేరు చెప్పి ఒప్పించాడు.

తర్వాత ఆమె చీర కొంగు ముడి విప్పి ఒక ముక్క తీసింది. "చెయ్యి నలిగి పడినాక నన్ను లేపేటప్పుడు రవిచంద్రసారు ప్రెస్ కన్ను మీద నుంచి దీన్ని పెరికి పారేసినాడన్నా. నా కోటు చేతికి అంటుకొని ఇంటికి వచ్చేసింది. ఇదేందో నీకు తెలుసా?"

ఎర్రగా మెరిసే స్టిక్కర్ ముక్క, బొటనవేలంత. ఒక అంచు పళ్ళ పళ్ళుగా కోసి ఉంది.

నాగవేణి మిషన్ ఆగింది.

"తెలీదు" అన్నాను.

మే 15

స్కేల్ వంద సార్లు. ఎక్కడం, దిగడం. నాగవేణి మాట్లాడటం లేదు. మంచిదే, ప్రశాంతంగా ఉంది.

మే 16

స్కేల్ వంద సార్లు. ప్రశాంతంగా ఏమీ లేదు.

మే 18, ఆదివారం

క్లాసులో సి నుంచి మొదలుపెట్టి నాలుగో స్వరం దగ్గర ఆగిపోయాను. వేలు ఆడుతోంది. వేలు బాగుంది. నాకే చెయ్యి ముందుకు పోలేదు. టీచరమ్మ తన గిటారు పక్కన పెట్టింది. "ఈ పొద్దుకు చాల్లే. ఇంటికి పోయి ఉండేదాన్ని ఉండేట్టుగా వాయించు" అంది. ఆమె స్కేల్ గురించే అంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ప్రెస్ పక్కన ఒక కన్ను ఉంటుంది. ఎదురుగా ఉన్న అద్దం బిళ్ళకు వెలుతురు పంపి, తిరిగి అందుకుంటూ ఉంటుంది. మధ్యలో చెయ్యి అడ్డొస్తే ప్రెస్ ఆగిపోతుంది. మా ప్రెస్‌కు ఆ కన్ను చెడింది. చెయ్యి లేకపోయినా ఆగేది. గంటకు పది సార్లు ఆగితే లెక్క తగ్గేది, రవిచంద్ర మొహం మాడేది. "ఏమన్నా చెయ్యి అన్నా, నీకు తెలివి ఉండాది" అన్నాడు. నాకు తెలివి ఉందని తొమ్మిదేళ్ళలో ఎవరూ అనలేదు.

నా బండి వెనక మడ్‌గార్డు మీద రాత్రి మెరిసే ఎర్ర స్టిక్కర్ పట్టీ ఉంది. దాంట్లోంచి ఒక ముక్క నాగవేణి కత్తెరతో కోశాను. తీసుకుపోయి ఆ కన్నుకు ఎదురుగా, ఆనించి అంటించాను. దాని వెలుతురు దానికే తిరిగొచ్చింది. అప్పట్నుంచి చెయ్యి ఉన్నా లేకపోయినా ఒకటే. ప్రెస్ ఒక్కసారి కూడా ఆగలేదు. రవిచంద్ర భుజం తట్టాడు. ఎంత సంతోషపడ్డానో రాయడానికి సిగ్గుగా ఉంది.

తొమ్మిదో రోజు నా వేళ్ళు దానికింద పడ్డాయి.

ఈ కథలో బండి ఉన్నది అంతవరకే. కుక్క లేదు. మలుపు లేదు.

నా చేతులతో నేను చేసుకున్నది, నా వేళ్ళు పోతే పోనీ. కానీ నేను ఇంటికొచ్చేశాక కూడా ఆ ముక్క అక్కడే ఉండిపోయిందని నాకు తెలుసు. నా జాగాలో ఇంకెవరో నిలబడతారని తెలుసు. నేను ఇంట్లో కూర్చుని గోళ్ళు తీసుకుని స్కేళ్ళు నేర్చుకున్నాను. ఆ అమ్మాయి అడిగితే తెలీదన్నాను. థూ.

మే 19

నాగవేణికి చెప్పాను. "ఆ ముక్క అంచు చూసిన రోజే తెలుసు" అంది. సాయంత్రం అన్నం పెట్టింది.

టెస్ట్ అయ్యాక చూద్దాం అన్నాను. ఆమె కంచం తీసుకుని వెళ్ళిపోయింది.

జూన్ 2, సోమవారం

టెస్ట్. నిమిషంలో ఇరవై రెండు స్క్రూలు. ఉంగరపు వేలు, చిటికెన వేలు రెండూ నేను చెప్పినట్టు ఆడాయి. రవిచంద్ర చప్పట్లు కొట్టాడు. లైన్ లీడర్లు పెట్టుకునే పచ్చ టోపీ ఇచ్చారు. బస్సులో అందరూ చేతులు కలిపారు.

ఇంటికొచ్చి టోపీ నాగవేణికి చూపించాను. "బాగుండాది" అంది. మిషన్ మీద పెట్టింది. రాత్రి దాని మీద గుడ్డముక్కలు వేసింది.

జూన్ 4

ఇవాళ రవిచంద్ర నన్ను పక్కకు పిలిచాడు. నా పాత ప్రెస్ ముందు ఇప్పుడు ఏర్పేడు నుంచి వచ్చే ఆమె ఒకతి, కొత్తది, నిలబడి ఉంది. ఆమె పేరు కూడా నాకు తెలియదు. ప్రెస్ ఆగుతోంది. నడుస్తోంది. ఆగుతోంది.

"కన్ను మళ్ళా సతాయిస్తా ఉండాదన్నా. కొత్తది ఎప్పుడొస్తాదో తెలీదు. ముందు తెచ్చినావు సూడు, అట్లాంటి ముక్క ఒకటి రేపు ఎత్తుకొని రా. నువ్వు ఇప్పుడు లీడరువు, ఇది నీ పనే."

తల ఊపాను. ఊపాను, అవును.

ఆమె ప్రెస్ కింద పలక పెట్టి, చెయ్యి తీసి, మళ్ళీ పెడుతోంది. గాజులు వేసుకుని వచ్చింది, ఎవరూ తీయమని చెప్పలేదు. చెప్పాల్సింది లీడరు. తియ్యమన్నాను. కన్ను బాగయ్యేదాకా ఈ ప్రెస్ దగ్గరికి రావద్దని, ప్యాకింగ్‌కు పొమ్మని చెప్పాను. ప్రెస్ ఆపేశాను. మూడు నెలల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే. అది కూడా సాయంత్రం వరకే నిలబడుతుందని నాకు తెలుసు.

జూన్ 5

పనికి పోలేదు. నారాయణవనం పోయాను. కోమలి వాకిట్లో నిలబడి మొత్తం చెప్పాను. స్టిక్కర్ నాదే, కోసింది నేనే, అంటించింది నేనే, తెలీదన్నది కూడా నేనే. కుప్పమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. లేచి వచ్చి నా మొహం మీద కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

కోమలి తన కట్టు వైపు చూసుకుంది.

"నువ్వు అబద్ధం చెప్పినావు గాబట్టి నేను గూడా చెప్పినానన్నా" అంది. "ఆయన్న చెప్పినాడు గదా, పెద్దోడు, తప్పు చెప్తాడా అనుకున్నా."

సోమవారం తిరుపతిలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు పోదామన్నాను. నాకు చీటీ లేదు, ఆమెకు చీటీ లేదు. ఉన్నవల్లా ఆమె కొంగు ముడిలో ముక్క, నా బండి మీద మిగిలిన పట్టీ.

జూన్ 9, సోమవారం

బండి తీసుకుపోవాలి, అదే సాక్ష్యం. కోమలిని బస్సులో నాగవేణితో రమ్మన్నాను. కోమలి బండి దగ్గరే నిలబడిపోయింది.

"బండి మీద నుంచి పడినానని ఊరంతా చెప్పుకున్నాను వదినా. ఒక్కసారన్నా ఎక్కనీ."

నాగవేణి నవ్వింది. నెల తర్వాత నవ్వింది. "ఎక్కు. నేను బస్సులో వస్తా. మెల్లగా తోలు, కుక్కలుంటాయి" అంది, ఆ చివరిమాట నన్ను చూసి.

పుత్తూరు నుంచి తిరుపతి దాకా నలభై దాటకుండా తోలాను. కోమలి ఎడమ చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వడమాలపేట దగ్గర నిజంగానే ఒక కుక్క అడ్డొచ్చింది. బ్రేకు వేశాను. బండి జారలేదు. కుక్క మమ్మల్ని చూసి, తన దారిన తను పోయింది.

ఆఫీసులో ఒక మేడమ్. ముందు నమ్మలేదు. కిందికి దిగి వచ్చి, బండి వెనక వంగి, కోమలి తెచ్చిన ముక్కను పట్టీ అంచుకు ఆనించింది. పళ్ళకు పళ్ళు కూర్చున్నాయి. నాగవేణి సంచిలోంచి కత్తెర తీసి చూపించింది. ఆమె దాన్ని తెచ్చిందని నాకూ తెలియదు.

"మీరే అంటించారని రాస్తే మీ మీద కూడా వస్తుంది. ఉద్యోగం ఉండదు, తెలుసా?" అని మేడమ్ నన్ను అడిగింది.

"రాయండి" అన్నాను. ఏర్పేడు ఆమె గాజులు గుర్తొచ్చి, ఇంకోసారి గట్టిగా అన్నాను. ప్రెస్ కన్ను గురించి కూడా చెప్పాను, ఈ పొద్దే ఎవర్నన్నా పంపమని. మేడమ్ అప్పుడే ఫోన్ తీసింది.

తర్వాత కోమలి వంతు. దెబ్బ ఎట్లా తగిలిందని అడిగి, మేడమ్ పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

"బండి మీద నుంచి పడలేదు మేడమ్" అంది కోమలి. "బండెక్కింది ఈ పొద్దే."

జూన్ 10

గేటు దగ్గర నా కార్డు పనిచెయ్యలేదు. లోపల ఎవరో ఆఫీసు జీపు వచ్చి ఉందని వాచ్‌మన్ చెప్పాడు. నా ప్రెస్‌కు తాళం వేశారట. పచ్చ టోపీ అతని చేతికే ఇచ్చి వచ్చేశాను.

ఇంట్లో గిటారు తీశాను. చేతికి నూనె వాసన ఇంకా పోలేదు. అయిదో తీగ, మూడో మెట్టు, ఉంగరపు వేలు. బొంగురుగా వచ్చింది. మళ్ళీ నొక్కాను.